పన్నెండు స్వరాల వరస చెవికి అందుతుందా?

కొత్త శ్రోత: ఆస్ట్రియా స్వరకర్త షోన్‌బర్గ్ పియానో స్వీట్‌ను (suite, చిన్న భాగాల మాలిక), అంటే ఓపస్ 25ను (ఆయన రచనల్లో ఆ సంఖ్య గలదాన్ని), స్కోర్ (స్వరలిపి) ముందు పెట్టుకొని రెండు వారాలుగా వింటున్నాను. మొత్తం ఒకే వరస మీద, అంటే పన్నెండు స్వరాలనూ ఒక్కొక్కసారే వాడి పేర్చిన క్రమం మీద, కట్టిన ఆయన తొలి రచన ఇది. 1921, 1923 మధ్య రాశారు. కాగితం మీద అంకెలు వేసుకుంటే అన్నీ సరిపోతున్నాయి కానీ, కళ్ళు మూసుకుంటే వరస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో తెలియడం లేదు. లోపం నా చెవిదేనా?

పియానో సాధకుడు: కాదండీ. వరస పాడుకునే బాణీ కాదు, రచయిత ముందున్న ముడిసరుకు. దాన్ని తలకిందులు చేయవచ్చు (స్వరం పైకి వెళ్ళే చోట అంతే కిందికి), వెనక నుంచి నడపవచ్చు, రెండూ కలపవచ్చు. మూలంతో సహా ఈ నాలుగింటినీ పన్నెండు స్వరాల నుంచీ మొదలుపెడితే 48 రూపాలు వస్తాయి. పైగా ఏ స్వరాన్నయినా ఏ స్థాయిలోనైనా వేయవచ్చు, కొన్నింటిని ఒకేసారి మోగించవచ్చు కాబట్టి వరసను వెంబడించే చెవి అలసిపోవడం సహజం.

అయితే ఈ స్వీట్‌లో ఒక వెసులుబాటు ఉంది. ఇందులో వాడినవి ఎనిమిది రూపాలే, అవన్నీ ఇ (E), బి ఫ్లాట్ (B♭) అనే పాశ్చాత్య స్వరాల్లో ఒకదానితో మొదలై రెండోదానితో ముగుస్తాయి. మూల, తలకిందుల రూపాలన్నింటిలో మూడు, నాలుగు స్థానాలు జి, డి ఫ్లాట్‌లవే. వాయించేటప్పుడు నా వేళ్ళు ఈ జంటలను చెవికంటే ముందే గుర్తుపట్టాయి. మ్యూజెట్ అనే భాగంలో జి అదేపనిగా మోగుతూ ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి.

పాత శ్రోత: నాకు దారి చూపింది షోన్‌బర్గ్ శిష్యుడు బెర్గ్ రాసిన వయొలిన్ కాన్చెర్టో (వయొలిన్, వాద్యబృందం కలిసి వాయించే రచన, 1935). దాని వరసలోని మొదటి తొమ్మిది స్వరాలు మైనర్, మేజర్ త్రిస్వరాలుగా ఒకదానిలోంచి మరొకటి పుట్టుకొస్తాయి. చివరి నాలుగు స్వరాలు బాఖ్ కోరల్ (చర్చి భక్తిగీతం) ఆరంభంతో కలుస్తాయి. అక్కడ స్వరకేంద్రం, అంటే మిగతా స్వరాలు తిరిగి చేరే ఆధార స్వరం, నీడలా వస్తూ పోతూ ఉంటుంది. షోన్‌బర్గ్ మరో శిష్యుడు వెబెర్న్ సింఫనీ (1928) విన్నప్పుడు మాత్రం వరస ఊసే మానేసి, ఒక్కొక్క స్వరం ఏ వాద్యం చేతి నుంచి ఏ వాద్యం చేతికి మారుతోందో గమనించాను. అప్పటిదాకా చెల్లాచెదురుగా తోచినది ఒక గీతగా వినిపించింది. అన్నట్టు, మనమందరం వాడే ‘ఎటోనల్’ (స్వరకేంద్రం లేని) అనే మాట షోన్‌బర్గ్‌కే గిట్టేది కాదు.

కొత్త శ్రోత: మీ ఇద్దరి మాట ప్రకారం స్కోర్ మూసి మ్యూజెట్ నాలుగుసార్లు విన్నాను. జి వెంటనే అందింది, మూడోసారికి దాని జంట డి ఫ్లాట్ కూడా పట్టుబడింది. చివరి భాగమైన జీగ్‌లో మాత్రం వేగానికి ఇంకా ఏదీ చిక్కలేదు.