మచ్చు, మచ్చుతునక, నమూనా: శాంపిల్‌కు ఏ మాట వాడాలి?

అడిగినవారు, అమలాపురం:
డిగ్రీ పిల్లల కోసం డేటా సైన్స్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. రెండో పాఠంలోనే చిక్కు వచ్చిపడింది. శాంపిల్‌కు ‘నమూనా’ అని రాశాను. నాలుగు పేజీలు దాటాక మోడల్ వచ్చింది, దానికీ నమూనాయే చేతికి తగిలింది. “నమూనాను బట్టి నమూనాను తయారు చేస్తాం” అని రాసి చదువుకుంటే నాకే అర్థం కాలేదు. పెద్దలు దారి చూపాలి.

జవాబు, రాజోలు దగ్గరి నుంచి:
‘మచ్చు’ వాడండి మాస్టారూ. నమూనాను మోడల్‌కే వదిలేయండి. దరఖాస్తు కాగితమూ నమూనాయే, కట్టబోయే ఇంటి బొమ్మా నమూనాయే; ఆ మాట నెత్తిన ఇంకో మూట పెట్టవద్దు. “మచ్చుకు నాలుగు గింజలు చూపించు” అన్నామంటే, రాశి ఎక్కడో ఉందనీ, ఈ నాలుగు గింజలను బట్టి దాని బేరం తేలబోతోందనీ వినేవారికి తెలిసిపోతుంది. శాంపిల్ పాఠంలో మొదట చెప్పవలసినదే ఆ మాటలో ఇమిడి ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది, అది మా కళ్ళంలోది. సార్వా ధాన్యం ఆరబోసినప్పుడు పైన ఎండ తగిలిన గింజ ఒక తీరుగా, అడుగున నేల చెమ్మ పట్టిన గింజ మరో తీరుగా ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదు. ఒకే రాశిలో పైనుంచి పిడికెడు తీస్తే 16 చూపించవచ్చు, అడుగు నుంచి తీస్తే 19 చూపించవచ్చు. యంత్రం రెండుసార్లూ నిజమే చెబుతుంది, కానీ ఆ రెండు అంకెల్లో ఏదీ రాశి తేమ కాదు. ఒక ఏడాది మా ధాన్యానికి అడుగు గింజలే తీసి కొలిచారు. తిరగబోసి, నాలుగు వైపుల నుంచి తీసి, కలిపి చూడండని నాన్నగారు బతిమాలినా వినలేదు. బస్తాకు ఇంతని తరుగు కోసుకున్నారు. చాలా ఏళ్ళ తరువాత చదువులో మచ్చు ఒక పక్కకు ఒరిగిపోవడం గురించిన అధ్యాయం వచ్చినప్పుడు, నాకు సూత్రాల కంటే ముందు నాన్నగారి ముఖం గుర్తొచ్చింది.

ప్రశ్న, భీమవరం నుంచి:
అన్నమంతా పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలునంటారు కదండీ. మరి ఈ డేటా వాళ్ళు లక్షల ఫోటోలు, లక్షల గొంతులు ఎందుకు అడుగుతారు?

జవాబు, రాజోలు దగ్గరి నుంచి:
ఇంటి కుండలో నీళ్ళు మరుగుతూ మెతుకులను తామే తిప్పుతాయి కాబట్టి ఒక్క మెతుకు చాలు. పెళ్ళి వంటలో పెద్ద గుండిగ ఎక్కించినప్పుడు చూడండి, వంటవారు పైమెతుకు పట్టి ఊరుకోరు. గరిటె లోపలికి దించి నడిమి నుంచి, పక్కల నుంచి తీసి చూస్తారు. అదే పులుసైతే బాగా కలియబెట్టాక పదిమందికి కాచినా వెయ్యిమందికి కాచినా నాలుక మీద వేసుకునేది ఒక్క చెంచాయే. బాగా కలిసిన రాశి ఎంత పెద్దదైనా మచ్చు దాంతోపాటు పెరగనక్కరలేదు. చాలామంది చదువుకున్నవారికి కూడా ఇది నమ్మబుద్ధి కాదు.

లక్షలు అడగడం ఎందుకంటే, వారు చూసేది ఒక్క కుండ కాదు. మాట వినే యంత్రానికి నగరంలోని కుర్రవారి గొంతులే లక్ష వినిపిస్తే, లంక గ్రామంలోని మామ్మగారు మాట్లాడినప్పుడు అది తడబడుతుంది. ఆమె కుండలోంచి ఒక్క మెతుకూ అది చూడలేదు మరి.

మన చేలల్లోనే జరిగే మరో లెక్క చెబుతాను. వరి దిగుబడి అంచనా వేసే పంట కోత ప్రయోగంలో అయిదు మీటర్లకు అయిదు మీటర్ల ముక్క గుర్తించి కోస్తారు. అంటే 25 చదరపు మీటర్లు, అర సెంటు కంటే కాస్త ఎక్కువ. ఆ ముక్క ఎక్కడ పడాలో గట్టు మీద నిలబడినవారి కంటికి వదలరు. కళ్ళు ఏపుగా పెరిగిన చోటికే పోతాయి. అందుకే చేను నైరుతి మూల నుంచి పొడవున ఎన్ని అడుగులు వేయాలో, వెడల్పున ఎన్ని వేయాలో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెబుతుంది. ముక్క కొలత మీద గణాంక శాస్త్రవేత్తలు మహలనోబిస్‌కూ సుఖాత్మేకూ పెద్ద వాదమే నడిచింది. ముక్క మరీ చిన్నదైతే అంచున ఉన్న దుబ్బులు లోపలికి చేరిపోయి దిగుబడి ఎక్కువగా తేలుతుందని సుఖాత్మే చూపించారు. కాలువ పక్కన రోడ్డు దిగగానే కనిపించే చేలనే కోసి, నీరు సరిగా అందని శివారు భూములకు వెళ్ళకుండా వచ్చేస్తే ఏమవుతుందో ఈ డెల్టాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

అభ్యంతరం, తణుకు నుంచి:
మచ్చు మంచి మాటే. కానీ పత్రికల్లో “ఆయన ప్రతిభకు ఇది మచ్చుతునక” అని రాస్తున్నారు. అక్కడ ఏరి తెచ్చిన మేలిరకం అనే అర్థం స్థిరపడింది. పిల్లలు పొరబడరా?

జవాబు, రాజోలు దగ్గరి నుంచి:
ఈ ప్రశ్న వేసినందుకు మీకు నమస్కారం. నిజానికి నేను ఆ మాటను కోరుకునేది ఇందుకే. తునకను చూసి మొత్తాన్ని అంచనా కట్టడానికి పుట్టిన మాట, మొత్తంలో మెరిసే తునకను చూపించే మాటగా మారింది. శాంపిల్ విషయంలో మనుషులు చేసే తప్పు కూడా సరిగ్గా ఇదే. విత్తనాల ప్రకటనలో ఎకరాకు అన్ని బస్తాలు పండించిన రైతు ఫోటో ఉంటుంది. అతను మచ్చుతునక. అదే విత్తనం చల్లిన వారిలోంచి చీటీ తీసి ఎంచుకున్న ఇరవైమంది మచ్చు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెడితే పాఠం సగం అయిపోయినట్టే. ఇంత దగ్గరి జంట నాకు తెలిసి తెలుగులో మరొకటి లేదు.

‘మచ్చుకైనా లేదు’ అనే నుడికారాన్ని కూడా వదలకండి. వంద గింజలు తీస్తే ఒక్క తాలు గింజా కనిపించలేదనుకుందాం. అలాగని రాశిలో తాలు అసలు లేదనకూడదు. మచ్చు నిజాయితీగా తీసినదైతే, మూడు శాతం దాకా ఉన్నా ఉండవచ్చు. చూసిన గింజల సంఖ్యతో మూడును భాగించండి. ఎక్కువలో ఎక్కువ ఎంత తాలు ఉండవచ్చో నూటికి తొంభై అయిదు పాళ్ళ నమ్మకంతో చెప్పవచ్చు. మూడు వందల గింజలు చూసి ఒక్కటీ లేకపోతే అది ఒక శాతానికి దిగుతుంది.

మాట, భీమవరం నుంచి:
మచ్చు సరే. మరి అది దేనిలోంచి తీస్తామో దానికి? ‘జనాభా’ అంటే మనుషులే గుర్తొస్తారు. ‘రాశి’ అందామంటే భౌతికశాస్త్రం పిల్లలకు సదిశ రాశి గుర్తొస్తుంది.

జవాబు, రాజోలు దగ్గరి నుంచి:
అయినా రాశికే నా ఓటు. ‘కుప్ప’ అనవద్దు, మనవైపు కుప్ప అంటే ఇంకా నూర్చనిది.

అడిగినవారు, అమలాపురం:
పాఠం మార్చి రాశాను. మొదటి వాక్యం: “రాశి మొత్తాన్ని చూడలేం కాబట్టి మచ్చు తీస్తాం, మచ్చు ఎలా తీశామో చెప్పకుండా రాశి గురించి మాట్లాడం.” సోమవారం తరగతికి ఒక బస్తా ధాన్యం తెప్పిస్తున్నాను. పిల్లలు కలియబోసి, తలా వంద గింజలు తీసి, తాలు లెక్కపెట్టి నల్లబల్ల మీద రాస్తారు. బస్తా ఒకటే అయినా ఒకరికి నాలుగు వస్తే మరొకరికి తొమ్మిది రావచ్చు. ఆ తేడాకు మాట కోసం మంగళవారం మళ్ళీ ఇక్కడికే వస్తాను.