ఒంగోల్లో ఉంటూనే హైదరాబాద్‌లో ఉద్యోగం దొరుకుతుందా, లేక ఉన్నది వదిలేసి వెళ్లి వెతుక్కోవాలా?

ఒంగోలు అకౌంట్స్:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు, చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. బీకాం చేశా, ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, ఈవే బిల్లులు, ఎక్స్‌పోర్ట్ పేపర్లు అన్నీ నా మీదే నడుస్తాయి. మా ఆవిడకి ఈమధ్యే హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉంటోంది. పాప నా దగ్గరే, అంటే నిజానికి మా అమ్మ దగ్గర. ఇలా ఎక్కువ రోజులు కుదరదు, నేనే అక్కడికి మారిపోవాలి.

సమస్య ఏంటంటే ఎన్ని చోట్ల అప్లై చేసినా ఫోన్ రావడం, "ప్రస్తుతం ఎక్కడున్నారు" అని అడగడం, ఒంగోలు అనగానే "సరే, మళ్లీ చేస్తాం" అని పెట్టేయడం. మళ్లీ చేసినవాళ్లు ఒక్కరూ లేరు. ఫ్రెండ్స్ అందరూ ఉద్యోగం మానేసి వచ్చెయ్, ఇక్కడుంటే వారంలో దొరుకుతుంది అంటున్నారు. మా నాన్న మాత్రం చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా గడప దాటితే ఊరుకోనంటున్నాడు. పైగా నాకు సెలవు కూడా ఎప్పుడు పడితే అప్పుడు దొరకదు, 11వ తేదీ లోపు జీఎస్టీఆర్-1, 20 లోపు 3బీ, ఈ రెండు నెలవారీ జీఎస్టీ రిటర్నులూ అయితేగానీ మా ఓనర్ కదలనివ్వడు. ఇలా ఊరు మారినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కందుకూరోడు:
వదిలేసి వచ్చెయ్ బ్రో. నేను అలాగే వచ్చా. ఎస్సార్ నగర్‌లో హాస్టల్లో ఒక బెడ్ తీసుకున్నా, పొద్దున్నే రెజ్యూమె పట్టుకుని బయల్దేరేవాణ్ణి, ఎక్కడ వాకిన్ ఇంటర్వ్యూ ఉందన్నా రెండు గంటల్లో అక్కడుండేవాణ్ణి. ఒంగోల్లో కూర్చుని నౌకరీ సైట్లో అప్లై చేస్తే వాళ్లకి నువ్వు ఒక పేరు మాత్రమే. ఎదురుగా కూర్చున్నవాడికే పని ఇస్తారు. ఎక్కువ ఆలోచించకు.

పెన్నా ఒడ్డు:
మాది నెల్లూరు, హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా చేస్తున్నా, ఎక్కువగా అకౌంట్స్ పొజిషన్లే చూస్తా, కాబట్టి నీకు ఫోన్ ఎందుకు పెట్టేస్తున్నారో అటువైపు సంగతి నేను చెప్తా.

ఒంగోలు అంటే చిన్నచూపు ఏమీ లేదు తమ్ముడూ. వేరే ఊరినుంచి వచ్చే క్యాండిడేట్ ఆఫర్ తీసుకుని, తీరా జాయిన్ అయ్యే రోజు ఇల్లు దొరకలేదనో, ఇంట్లో ఒప్పుకోలేదనో రాకుండా పోవడం మాకు అలవాటైపోయింది. అప్పుడు కంపెనీవాళ్ల దగ్గర మాట పడేది మేమే. అందుకే ఊరి పేరు వినగానే వెనకాడతాం. నువ్వు ఆ అనుమానం తీర్చకుండా "ఒంగోల్లో ఉన్నానండి" అని ఆగిపోతే అటువైపు మనిషి ఇంకేం అడుగుతాడు? "మా ఆవిడ ఇప్పటికే కూకట్‌పల్లిలో ఉద్యోగం చేస్తోంది, నేనూ అక్కడికే వస్తున్నా, నోటీసు ఇంత, ఇంటర్వ్యూకి రెండు రోజులు ముందు చెప్తే వచ్చేస్తా" అని ఒక్క గుక్కలో చెప్పు. ఊరు మారడానికి ఇంతకంటే గట్టి కారణం ఉండదు, నువ్వు దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు. రెజ్యూమెలో పేరు కింద కూడా అదే ఒక లైను రాయి. నౌకరీలో ప్రిఫర్డ్ లొకేషన్ హైదరాబాద్ పెట్టు, ప్రొఫైల్ అప్పుడప్పుడూ అప్‌డేట్ చేస్తూ ఉండు.

కొందరు ప్రస్తుత లొకేషనే హైదరాబాద్ అని పెట్టేయమంటారు. నేనైతే వద్దంటా. పే స్లిప్పు మీద చీమకుర్తి ఉంటుంది, మొదటి రౌండ్లోనే దొరికిపోతావు.

సెలవు సంగతి అంత దిగులు పడాల్సిందేం కాదు. నిన్ను ఇంటర్వ్యూ చేసేది కూడా ఒక అకౌంట్స్ మేనేజరే కదా, ఆయనకి కూడా 7న టీడీఎస్, 11న, 20న అవే తలనొప్పులు. 21 నుంచి నెలాఖరు మధ్యలో టైమ్ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి రౌండ్ ఫోన్లోనో వీడియోలోనో అయిపోతుంది, ఆఖరి రౌండ్‌కి మాత్రం మనిషి రావాలి. శనివారం అడుగు, చాలామంది ఒప్పుకుంటారు. సింహపురి రైలో చార్మినార్ రైలో రాత్రి ఎక్కితే పొద్దున్నకి ఇక్కడుంటావు. వందేభారత్ కూడా ఒంగోల్లో ఆగుతుంది.

ఇంకో రెండు విషయాలు చెప్తే సరిగ్గా చెప్పగలను. అక్కడ ఎన్నేళ్లయింది? జీతం మొత్తం బ్యాంకులోనే పడుతుందా?

ఒంగోలు అకౌంట్స్:
అన్నా, చాలా థ్యాంక్స్. మా ఆవిడ అక్కడుందని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, సొంత విషయాలు ఎందుకులే అనుకున్నా.

వచ్చే సంక్రాంతికి ఐదేళ్లు నిండుతాయి. జీతం కొంత బ్యాంకులో, కొంత చేతికి. బ్యాంకులో పడేదానికి పే స్లిప్పు ఇస్తారు, అందులో బేసిక్ 16 వేలు, పీఎఫ్ కట్ అవుతుంది. చేతికిచ్చేదానికి ఏ కాగితమూ ఉండదు. ఇప్పుడు కొత్తవాళ్లు పాత జీతం ఎంత అని అడిగితే మొత్తం చెప్పాలా, స్లిప్పులో ఉన్నది చెప్పాలా? నోటీసు నెల రోజులు.

కావలి అక్క:
ఐదేళ్లు సంక్రాంతికా! అయితే ఇప్పుడు మానేసే మాటే ఎత్తొద్దు తమ్ముడూ. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసు లెక్కన కంపెనీ ఇచ్చే డబ్బు వస్తుంది, పదిమంది, అంతకుపైన పనిచేసే చోట ఎక్కడైనా ఇవ్వాల్సిందే. అకౌంటెంట్‌వి, లెక్క నీకు చెప్పక్కర్లేదు గానీ చెప్తా, బేసిక్‌ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లయితే అన్నింటితో గుణించడం. 16 వేల మీద ఐదేళ్లకి సుమారు 46 వేలు. హైదరాబాద్‌లో రెండు నెలల అద్దె అడ్వాన్సు, సామాను లారీ ఖర్చు అందులో పోతాయి. దసరా అయిపోయింది, ఇంకెంత దూరం ఉంది సంక్రాంతి?

పీఎఫ్ డబ్బులు మాత్రం డ్రా చేయకు. పీఎఫ్‌కి నీకిచ్చిన యూఏఎన్ నంబరు మారదు, కొత్త కంపెనీలో అదే ఇచ్చి ట్రాన్స్‌ఫర్ పెట్టుకో, సర్వీసు కలుస్తుంది.

కందుకూరు తమ్ముడు చెప్పింది బ్రహ్మచారికి బాగానే ఉంటుంది. హాస్టల్ బెడ్ మీద పాపని ఎక్కడ పడుకోబెడతాడు?

కందుకూరోడు:
పాప సంగతి నేను సరిగ్గా చదవలేదక్కా, సరే. అయినా ఫోన్లమీదే అయిపోతుందనుకుంటే మాత్రం కష్టం, అది ఇప్పటికీ అంటా. కనీసం 20 తర్వాత నాలుగు రోజులు ఒకేసారి సెలవు పెట్టి రమ్మను. ముందే నలుగురైదుగురికి "ఫలానా తేదీల్లో సిటీలో ఉంటా" అని చెప్పి రావాలి. ఆ మాట వింటే పిలుస్తారు.

పెన్నా ఒడ్డు:
కందుకూరు బ్రో, ఇది మంచి మాట. "ఆ తేదీల్లో సిటీలో ఉంటా" అంటే మాకు కూడా మేనేజర్‌ని తొందరపెట్టడానికి ఒక సాకు దొరుకుతుంది.

జీతం సంగతి. చేతికిచ్చేది కలిపి చెప్పావంటే తర్వాత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు, అక్కడ లెక్క కుదరదు, అబద్ధం చెప్పాడనుకుంటారు. అలాగని స్లిప్పులో ఉన్నది ఒక్కటే చెప్తే దానిమీద ఇంత శాతం అని లెక్కేసి నీకు ఇప్పుడొచ్చేదానికంటే తక్కువ ఆఫర్ చేస్తారు. రెండూ విడివిడిగా చెప్పు. "పేపర్ మీద ఇంత, మిగతాది వేరేగా ఇస్తారు, దానికి ప్రూఫ్ లేదు, నేను చూస్తున్నది నెలకి చేతికి ఇంత" అని. చిన్న కంపెనీల్లో ఇలా నడుస్తుందని మాకందరికీ తెలుసు, నీ ఒక్కడిదే కాదు. కుదిరితే ముందు వాళ్ల బడ్జెట్ అడుగు. సీటీసీ, అంటే నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు అని పెద్ద అంకె చెప్తే మురిసిపోకు, కంపెనీ కట్టే పీఎఫ్ కూడా అందులోనే కలుపుతారు, చేతికెంతో అడుగు.

ఇక అసలు విషయం, నీ రెజ్యూమె నేను చూడలేదు గానీ మొదటి లైను "ట్యాలీ, జీఎస్టీ" అనే ఉంటుందని పందెం కాస్తా. అది అందరి రెజ్యూమెలోనూ ఉంటుంది. నువ్వు ఎక్స్‌పోర్ట్ పేపర్లు చూస్తా అన్నావు. అంటే పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేయడానికి ఏటా హామీ పత్రం ఎల్‌యూటీ వేయడం, షిప్పింగ్ బిల్లులు జీఎస్టీఆర్-1తో సరిపోయాయో లేదో చూడటం, ఆర్‌ఎఫ్‌డీ-01 ఫారం వేసి పన్ను రీఫండ్ తెప్పించడం. ఇవి చేసి ఉంటే పైన రాయాల్సింది అదీ. రీఫండ్ ఆగిపోతే కంపెనీ డబ్బు ఇరుక్కుంటుంది, అది విడిపించగలిగినవాణ్ణి ఏ ఊరివాడని ఎవరూ అడగరు. బాలానగర్, జీడిమెట్ల, పాశమైలారం వైపు మందులు, మెషిన్ పార్టులు ఎగుమతి చేసే యూనిట్లు బోలెడు. రాయి పోయినా టాబ్లెట్ పోయినా పేపరు అదే.

కావలి అక్క:
ఏరియా గురించి నేనూ చెప్దామనుకున్నా. హైదరాబాద్ మొత్తానికి అప్లై చేయకు. ఎల్బీ నగర్ అవతల ఉద్యోగం వస్తే కూకట్‌పల్లి నుంచి రోజూ ఆ చివరికీ ఈ చివరికీ మెట్రోలో ప్రాణం పోతుంది. మీ ఆవిడ ఆసుపత్రి దగ్గరపడేలా మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా ఉన్న మెట్రో లైను పట్టుకుని చూడు, అద్దె ఇల్లు కూడా ఆ మధ్యలోనే. ఆమె అక్కడే ఉంది కాబట్టి ఆదివారాలు ఇళ్లు చూసిపెట్టమను. స్కూల్ ఆయాలకి పాప అలవాటయ్యేవరకు అమ్మని కూడా తీసుకెళ్తే మంచిది, వస్తుందో లేదో ఇప్పుడే అడుగు, సామాను కట్టేరోజు కాదు.

ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయ్. నిజం కన్సల్టెన్సీలు కంపెనీ దగ్గర తీసుకుంటాయి, మన దగ్గర కాదు.

ఒంగోలు అకౌంట్స్:
అక్కా, అన్నా, ఇద్దరికీ దండాలు. గ్రాట్యుటీ మా వర్కర్లకి నేనే లెక్కకట్టి ఇస్తుంటా, నాకూ వస్తుందని తట్టలేదు చూడండి. ఆర్‌ఎఫ్‌డీ-01 నేనే వేస్తా అన్నా, రెజ్యూమెలో మాత్రం నువ్వన్నట్టు ట్యాలీయే మొదట ఉంది. ఇవాళే మారుస్తా.

ఒక్క డౌటు. సంక్రాంతికి ముందే ఆఫర్ వస్తే ఏం చేయాలి? డిసెంబర్లో రాజీనామా ఇస్తే నోటీసు నెలలో ఐదేళ్లు నిండుతాయి కదా?

పెన్నా ఒడ్డు:
లెక్క ప్రకారం ఆఖరి పనిరోజు ఐదేళ్లు దాటితే చాలు. కానీ కాగితం ఇచ్చిన మర్నాడే "ఇక రావద్దులే" అనే ఓనర్లు ఉంటారు, మీ ఓనర్ ఎలాంటివాడో నీకే తెలియాలి. నమ్మకం లేకపోతే ఐదేళ్లు నిండిన మర్నాడే ఇవ్వు. కొత్తవాళ్లకి ముందునుంచే ఫిబ్రవరి మూడో వారం జాయినింగ్ అని చెప్పు, నవంబర్ చివర్లో ఇంటర్వ్యూలు మొదలుపెడితే ఆ గ్యాప్‌కి ఎక్కువమంది ఒప్పుకుంటారు. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేతికి తీసుకునే బయటపడు. ఫిబ్రవరి దాటించావంటే మార్చి ఎండింగ్ అని ఆయన నిన్ను వదలడు, ఆ తర్వాత ఆడిట్ అంటాడు. రెజ్యూమె మార్చాక మెసేజ్‌లో పెట్టు, చూస్తా.