కాజీపేట నుంచి హన్మకొండకు రోజూ సైకిల్ మీద వెళ్లేవాళ్లున్నారా?

రెండు నెలలుగా కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దగ్గరున్న ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తున్నాను. ఫాతిమా బ్రిడ్జి ఎక్కేటప్పుడే అసలు టెన్షన్. వెనక బస్సు హారన్, పక్కన ఆటో, ఎడమకు జరుగుదామంటే ఇసుక. అదాలత్ సెంటర్ దాటాక రోడ్డు పక్కన వరుసగా కార్లే. 2016లో వరంగల్ స్మార్ట్ సిటీల జాబితాలో చేరినప్పుడు సైకిల్‌కూ ఒక దారి వస్తుందనుకున్నా, నా పిచ్చి! మా దగ్గరి లీడర్‌ను అడిగితే "బండి కొనుక్కో తమ్మీ" అని నవ్వాడు.

సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తు ఇద్దామనుకుంటున్నా. ఒక్కడినే ఇస్తే పట్టించుకుంటారా, పది మందితో సంతకాలు పెట్టించాలా? ట్రాఫిక్ పోలీసులకు వేరేగా రాయాలా? ఇలా ప్రయత్నించినవాళ్లు చెప్పండి. బ్రిడ్జి ఎక్కకుండా పోయే లోపలి దారి తెలిసినా చాలు, కాస్త చుట్టైనా పర్లేదు.