తొమ్మిదో ఫ్లోర్ నుంచి కాంక్రీట్‌ని పైపుల్లో పైకి పంపే లైన్ పంపు జామ్ అవుతోంది, ఎక్కడ చూడాలి?

తాడేపల్లి సైట్:
అన్నా, 14 ఫ్లోర్ల అపార్ట్‌మెంట్, ఎం30 గ్రేడు కాంక్రీట్, 20 ఎంఎం కంకర, పైపు లైన్ 125 ఎంఎం. ఎనిమిదో స్లాబ్ దాకా ఏ గొడవా లేదు, తొమ్మిది నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి జామ్. టీఎంలు (కాంక్రీట్ తెచ్చే ట్రాన్సిట్ మిక్సర్ లారీలు) విజయవాడ అవతలి ప్లాంట్ నుంచి కృష్ణా నది మీది వారధి దాటి రావాలి, ట్రాఫిక్‌లో గంటన్నర పడుతోంది. హాపర్‌లో (పంపు మీద కాంక్రీట్ పోసే తొట్టి) నీళ్ళు కలపమని పంపు ఆపరేటర్ అంటాడు, మా క్వాలిటీ ఇంజనీరు గారు ససేమిరా అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆర్‌ఎంసీ గుంటూరు:
క్వాలిటీ ఆయన మాటే వినండి బ్రో. నీళ్ళు పోస్తే స్లంప్, అంటే కాంక్రీట్ జారుడు కొలత, పెరిగినట్టే కనిపిస్తుంది కానీ ప్రెజర్ పడగానే పల్చటి సిమెంటు పాలు ముందుకెళ్ళిపోయి కంకర పైపు మలుపు (బెండ్)లో ఒకదానికొకటి పట్టేసుకుంటుంది, ఇక కదలదు, పైగా స్ట్రెంత్ కూడా పోతుంది. 125 లైన్‌కి 20 ఎంఎం ఇబ్బందేం కాదు, ముందు ఇసుక చూడండి. కొత్తగా ఎం శాండ్‌కి (రాయి పిండి చేసిన ఇసుక) మారారా? 300 మైక్రాన్ జల్లెడ దాటేది 15 నుంచి 30 శాతం మధ్య ఉండాలి, అది తగ్గితే రాయికి జారే పేస్ట్ చాలదు. స్లంప్ ప్లాంట్‌లో కాదు, మీ సైట్‌లో హాపర్ దగ్గర కొలవండి. పడిపోతోందంటే రిటార్డర్ (కాంక్రీట్ తొందరగా గట్టిపడకుండా కలిపే మందు) డోసు మార్చమని ప్లాంట్ వాళ్ళని అడగాలి, ట్రయల్ వేయించాకే.

లైన్ పంపు పాత కాపు:
లైన్ ఎలా వేశారో చెప్పలేదు తమ్ముడూ. పంపు దగ్గర్నుంచి నేరుగా పైకి లేపేశారా? నేల మీద అడ్డంగా పోయే పైపు, పైకెళ్ళే ఎత్తులో 10-15 శాతమైనా ఉండాలి, లేకపోతే నిలువు పైపులో ఉన్న బరువంతా ప్రతి స్ట్రోక్‌కీ వెనక్కి తోస్తుంది. పైపుల్ని కలిపే క్లాంపుల దగ్గర తెల్లటి చారలు కనపడుతున్నాయా చూడు, లోపలి రబ్బరు గాస్కెట్ అరిగి సిమెంటు పాలు కారిపోతున్నట్టు లెక్క, జామ్ సరిగ్గా ఆ చోటే పడుతుంది. కాంక్రీట్ పోయకముందు సిమెంటు స్లర్రీ పంపి పైపు లోపలంతా తడపాలి, వట్టి నీళ్ళు పోసి వదిలేస్తే కుదరదు. మే నెల విజయవాడ ఎండకి ఇనుప పైపు మీద చెయ్యి ఆనదు, గోతాలు చుట్టి తడుపుతూ ఉండండి.

తాడేపల్లి సైట్:
ఎం శాండ్‌కి పోయిన నెలే మారాం అన్నా, ఎనిమిదో స్లాబ్ అయ్యాక. క్లాంపుల దగ్గర చారలు కూడా ఉన్నాయి, ఏడో ఫ్లోర్ దగ్గర. జామ్ అయితే కుర్రాళ్ళు వెంటనే క్లాంపు కొట్టి విప్పేస్తున్నారు.

లైన్ పంపు పాత కాపు:
అది వెంటనే ఆపించండి దయచేసి!! లోపల ప్రెజర్ ఉండగా క్లాంపు విప్పితే కాంక్రీటు రాళ్ళతో సహా మొహం మీదికి వస్తుంది, కళ్ళు పోతాయి, ప్రాణమే పోవచ్చు. ముందు పంపు రివర్స్ కొట్టి, గేజ్ సున్నాకి వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టాలి. నిలువు లైన్ అయితే పైనున్న కాంక్రీటు బరువు ఇంకా ఉంటుంది, కింద గేట్ వాల్వ్ మూయకుండా ముట్టుకోవద్దు. ఏ పైపులో పట్టిందో తెలియాలంటే చిన్న సుత్తితో తట్టుకుంటూ పో, ఖాళీది ఖంగుమంటుంది, నిండినది మొద్దుగా పలుకుతుంది. లైన్ చివరి రబ్బరు హోస్ పంపు మొదలుపెట్టినప్పుడు, జామ్ విడిపోయేటప్పుడు విసిరికొడుతుంది, దాని దగ్గర ఎవర్నీ నిలబడనివ్వద్దు.

ఆర్‌ఎంసీ గుంటూరు:
అయితే ఇసుకా గాస్కెట్టూ రెండూ ఉన్నాయన్నమాట. గాస్కెట్లు ఇవాళే మార్చేయండి, ఎం శాండ్ జల్లెడ రిపోర్టు ఇక్కడ పెట్టండి, మిక్స్ చూసి చెప్తా. అప్పటిదాకా పదో స్లాబ్ తెల్లవారుజామున మొదలుపెట్టండి, వారధి ఖాళీగా ఉంటుంది.