నల్లరేగడి నేలలో జీ ప్లస్ వన్ ఇల్లు: ముగ్గురు కాంట్రాక్టర్లు, మూడు రేట్లు. ఎవరికి ఇవ్వాలి?

కొత్తగుమ్మం (ప్రశ్న)

నరసరావుపేట పక్కన 200 గజాల స్థలం, తూర్పు ముఖం, నల్లరేగడి నేల. కిందా పైనా చెరో 1,100 చదరపు అడుగులు, మొత్తం 2,200 స్లాబ్ వస్తుంది. ముగ్గురు రేటు చెప్పారు. ఒకాయన లేబర్ వరకే అడుక్కి 420, సరుకంతా మేమే తేవాలి. రెండో ఆయన సరుకుతో కలిపి 1,850. మూడో ఆయన 2,250.

రెండో ఆయన డబ్బు ఇలా అడుగుతున్నారు: ముగ్గు పోసిన రోజు 20 శాతం, బేస్‌మెంట్‌కి 25, మొదటి స్లాబ్‌కి 25, రెండో స్లాబ్‌కి 20, మిగిలిన 10 గృహప్రవేశానికి ముందు. ఇంట్లో అందరూ ఆ 1,850 వైపే మొగ్గుతున్నారు. ఏమేం చూసి తేల్చుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కొలతటేపు

అండీ, ఆ 400 తేడా ఎక్కడ పోయిందో ముందు పట్టుకోండి. అడుగు అంటే ఏ అడుగు అని ఇద్దర్నీ అడగండి. కొందరు స్లాబ్ పడిన ప్రతి చోటా రేటు వేస్తారు: బాల్కనీ, పోర్టికో, మెట్లగది పైకప్పు అన్నీ అందులోకే. సజ్జలకు కొందరు సగం కడతారు, కొందరు అసలు కట్టరు. మెట్ల దగ్గరి ఖాళీ, డక్టు (పైపులు దిగే సన్న ఖాళీ) తీసేస్తారా లేదా అన్నది కూడా కాగితం మీద ఉండాలి.

ఆ తర్వాత రేటు బయట ఏం పెట్టారో చూడండి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బోరు, ఎలివేషన్, పని జరిగేటప్పుడు కరెంటు, నీళ్లు. తక్కువ చెప్పినవాళ్లు సాధారణంగా వీటిలో సగం ‘ఎక్స్‌ట్రా’ కింద వేస్తారు. బేస్‌మెంట్ ఎత్తు మరీ ముఖ్యం. రోడ్డు మట్టం నుంచి రెండడుగులు అనుకుని రేటు చెప్తారు. మీ స్థలం రోడ్డుకి అడుగున్నర పల్లంలో ఉంటే ఆ ఫిల్లింగ్ ఖర్చు ఎవరిదని అప్పుడు గొడవ మొదలవుతుంది. జీఎస్టీ కలిపా విడిగానా అనీ అడగండి. సరుకుతో కలిపి ఇచ్చే కాంట్రాక్టు మీద 18 శాతం పడుతుంది, చివర్లో అది కలిపితే 1,850 కాస్తా 2,183 అవుతుంది. సొంతానికి కట్టుకునే ఒక్క ఇంటికి లేబర్ వరకే ఇస్తే ఆ పన్ను లేదు.

‘మంచి కంపెనీ టైల్స్’ అని రాస్తే ఒప్పుకోవద్దు. టైలు సైజు, కొనే ధర అడుక్కి ఇంత, దర్వాజా ఏ కర్ర, కిటికీ ఏ రకం, గదికి ఎన్ని కరెంటు పాయింట్లు, పెయింటు ఎన్ని కోట్లు, లప్పం ఉందా లేదా... అన్నీ అంకెల్లో రాయించండి.

ఇక ఆ చెల్లింపుల పద్ధతి ఒప్పుకోకండి. రెండో స్లాబ్ పడేసరికి 90 శాతం ఆయన చేతిలో ఉంటుంది. అప్పటికి గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, తలుపులు, కరెంటు, పైపులు, రంగులు అన్నీ మిగిలే ఉంటాయి. ఆ మిగతా పనికి మనుషులు రారు, మీ డబ్బుతో ఇంకో సైటు నడుస్తుంది. నేనైతే ఇలా రాస్తాను: అడ్వాన్సు 5, ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడల కింద పోసే కాంక్రీటు దూలం) అయ్యాక 15, ఒక్కో స్లాబ్‌కి 15, గోడలు అయ్యాక 15, లోపలా బయటా ప్లాస్టరింగ్‌కి 10, ఫ్లోరింగ్, తలుపులు, కిటికీలకు 12, రంగులూ ఫిట్టింగులూ అయ్యాక 8, మిగతా 5 ఒక వానాకాలం గడిచాక. అన్నీ ‘అయ్యాక’, మొదలు పెట్టడానికి కాదు. బ్యాంకు లోను ఉంటే వాళ్ల విడతలకు ఇవి సరిపోయేలా సర్దుకోండి.

సైట్‌బూట్లు

పై లెక్క బాగుంది కానీ ఈ స్థలంలో అసలు విషయం నేల. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పునాది ఆ కదలికలో ఉంటే ఏ సిమెంటు వాడినా గోడలు పగులుతాయి. రేటు మాట్లాడకముందే స్థలంలో రెండు చోట్ల మట్టి పరీక్ష చేయించి, స్ట్రక్చరల్ ఇంజినీరుతో డ్రాయింగ్ గీయించండి. నల్లమట్టి మందంగా ఉంటే అండర్ రీమ్‌డ్ పైల్స్ (నేలలోకి దింపే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు, మామూలుగా మూడున్నర మీటర్ల లోతు నుంచి. లేదంటే నల్లమట్టి దాటి గట్టి నేల దాకా వెళ్లి ఫుటింగులు (పిల్లర్ల కింద వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మలు). ‘అయిదడుగుల గుంత చాలు సార్, ఈ ఊళ్లో అందరూ అంతే’ అనే కాంట్రాక్టర్‌ని అక్కడితో వదిలేయండి. ముగ్గురికీ ఒకే డ్రాయింగ్ ఇచ్చి మళ్లీ రేటు అడగండి, అప్పుడుగానీ పోల్చడం కుదరదు.

ఒప్పందంలో ఇంకో వాక్యం: గుంతల్లోంచి తీసిన నల్లమట్టితో బేస్‌మెంట్ నింపకూడదు. అది ఉచితంగా దొరుకుతుంది కాబట్టి అదే పోసేస్తారు, రెండు వానలకు గచ్చు పైకి లేస్తుంది. గ్రావెల్ పోసి, అరడుగు పొర పొరకీ నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి.

స్లాబ్ సంగతి. 1,100 అడుగుల స్లాబ్ అయిదంగుళాల మందం అంటే బీములు కాకుండానే 13 ఘనపు మీటర్లు. ఎం20 కాంక్రీటు, అంటే సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 లెక్కన, ఘనపు మీటరుకి ఎనిమిది బస్తాల సిమెంటు, మొత్తం 104. అదే స్లాబ్ నాలుగంగుళాలకు దించితే ఆయనకు దాదాపు 21 బస్తాలు మిగులుతాయి, మీకు పైనుంచి ఏమీ తెలియదు. పోసేటప్పుడే పచ్చి కాంక్రీటులో నాలుగైదు చోట్ల చువ్వ గుచ్చి కొలవండి.

మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషను) దగ్గర నిలబడితే కాంట్రాక్టర్ ఎలాంటివాడో పది నిమిషాల్లో తెలుస్తుంది. తట్టలతో అందాజుగా పోస్తున్నారా, కొలత పెట్టెతోనా? ఒక బస్తా సిమెంటు 35 లీటర్లు. అదే పెట్టెతో ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పడాలి. నీళ్లు బస్తాకి 30 లీటర్లు మించకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పలుచగా ఉంటే పైకి మోయడం తేలికని నీళ్ల పైపు వదిలేస్తారు. పలుచబడిన కాంక్రీటు పోస్తే కంకర కిందకి దిగి, నీళ్లు పైకి తేలి, మర్నాటికి సన్న పగుళ్లు కనిపిస్తాయి. ప్రతి స్లాబ్‌కీ ఆరు క్యూబులు (బలం పరీక్షకు అదే కాంక్రీటుతో పోసే దిమ్మలు) తీయించండి, మూడు 7వ రోజు పరీక్షకి, మూడు 28వ రోజుకి. ఆ ఖర్చు ఎవరిదో ముందే రాసుకోండి.

పిల్లర్ రింగుల కొనలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి, 90కి వంచి వదిలేస్తే భూకంపంలో విచ్చుకుంటాయి. కవర్ బ్లాకులు (రాడ్డు కాంక్రీటు అంచుకి తగలకుండా పెట్టే బిళ్లలు) స్లాబ్‌కి 20 ఎంఎం, పిల్లర్లకు 40, ఫుటింగులకు 50. రాతి ముక్కలు పెట్టి నెట్టుకొచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. స్లాబ్ కింద సపోర్టులు 4.5 మీటర్ల లోపు స్పాన్‌కి (ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం) కనీసం 7 రోజులు ఉంచాలి, బీముల కింద 6 మీటర్ల లోపు అయితే 14. సెంట్రింగ్ సామాను (ఆ సపోర్టులు, రేకులు) అద్దెది, వేరే సైటుకు కావాలంటూ తొందరపెడతారు.

పాతగోడ

ఒక్క మాట. కాంట్రాక్టర్ చూపించే కొత్త ఇల్లు చూడొద్దు. మూడు నాలుగేళ్ల కిందట కట్టిన రెండిళ్లకు వెళ్లండి, వానాకాలం అయితే మరీ మంచిది. బాత్రూం బయటి గోడ మీద తడి మచ్చ, పిట్టగోడ స్లాబ్‌తో కలిసేచోట గీత, పిల్లరుకీ ఇటుక గోడకీ మధ్య నిలువు పగులు: ఈ మూడూ చూస్తే చాలు. చివరిది ఆ అతుకు మీద కోడిజాలీ (సన్న తీగ వల) వేయకుండా ప్లాస్టరింగ్ చేస్తే వచ్చేది. తర్వాత ఊళ్లో సిమెంటు, స్టీలు కొట్టు దగ్గర ఆయన బాకీల సంగతి కనుక్కోండి. కొట్లో అప్పు పేరుకుపోయినవాడికి మీ అడ్వాన్సు ముందు అక్కడికే పోతుంది.

కొత్తగుమ్మం

చాలా థాంక్స్ అండీ. అయితే లేబర్‌కి ఇచ్చి సరుకు మేమే తెచ్చుకోవడం మేలా? నేను శని, ఆదివారాలే వెళ్లగలను.

కొలతటేపు

వారానికి రెండు రోజులైతే వద్దండి. లేబర్ కాంట్రాక్టులో వృథా అంతా మీ నెత్తిన పడుతుంది. 12 మీటర్ల రాడ్డుని ఎలా కోస్తే ఎంత తుక్కు మిగులుతుందో వాళ్లకు పట్టదు, సాయంత్రం మిగిలిన మాలు మర్నాడు పారేస్తారు, సిమెంటు లేదని సోమవారం ఫోను వస్తుంది. రోజూ ఉండే మనిషి ఎవరైనా ఉంటేనే ఆ దారి పట్టండి, దానికి ముందు బార్ బెండింగ్ షెడ్యూలు (ఏ రాడ్డు ఎంత పొడవు కోసి ఎలా వంచాలో చూపే పట్టిక) గీయించుకోండి.

సరుకుతో ఇచ్చినా స్టీలు మాత్రం వచ్చిన రోజే చూసుకోండి. 12 మీటర్ల రాడ్డు 8 ఎంఎం అయితే 4.74 కిలోలు, 10 అయితే 7.4, 12 అయితే 10.66, 16 అయితే 18.96. కాటా చీటీని రాడ్ల లెక్కతో సరిచూడండి. 12, 16 ఎంఎం వాటిలో అయిదు శాతం మించి తేడా వస్తే లారీ దింపనివ్వకండి.

సైట్‌బూట్లు

శని, ఆదివారాలే అంటున్నారు కాబట్టి ఒప్పందంలో ఇది రాయించండి: మీరుగానీ మీ ఇంజినీరుగానీ రాడ్లు చూసి సంతకం చేశాకే కాంక్రీటు పోయాలి, రెండు రోజుల ముందు చెప్పాలి. స్లాబ్ శనివారం ఉదయం పెట్టించుకోండి. శుక్రవారం సాయంత్రం అయితే చీకట్లో పోసేస్తారు, వైబ్రేటర్ (కాంక్రీటుని కుదిపి గట్టిపరిచే మిషను) ఎక్కడ పెట్టారో ఎక్కడ పెట్టలేదో ఎవరికీ కనిపించదు.