తెలుగు సైటుకి ఇంగ్లీషు టెంప్లేటు సరిపోతుందా?

వత్తులమారి (గుంటూరు):
మొన్న జరిగింది చెప్పి మొదలుపెడతా. మా ఊళ్లో ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడకి సైటు చేశాను. డబ్బులిచ్చి కొన్న టెంప్లేటు (ముందే గీసి పెట్టిన సైటు అచ్చు), మంచిదే. ఇంగ్లీషు మాటలు తీసేసి తెలుగు పోశాను. నా ల్యాప్‌టాప్‌లో బానే ఉంది. ఆవిడ ఫోన్లో తెరిచి, "బాబూ, మన పేరేంటి ఇలా పడింది?" అంది. చూస్తే 'అమ్మ చేతి పచ్చళ్లు' కాస్తా 'అమ చేతి పచళు' అయి కూర్చుంది.

ఫోన్ తెరకి ఆ టెంప్లేటు శీర్షికల లైన్ హైట్ (అక్షరం సైజుకి ఇన్ని రెట్లని ఒక్కో లైనుకిచ్చే ఎత్తు) 1.1 పెట్టింది. పెట్టె దాటిందేదీ కనపడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ ఒకటి. ఇంగ్లీషు చిన్నబడిలో (a, b, c) గీత కిందికి తోక దించే అక్షరాలు ఐదే. మనకి రెండు మాటలకో వత్తు కింద వేలాడుతుంది, 'స్త్రీ' లాంటి చోట రెండు. 1.7 చేశాను, వత్తులు తిరిగొచ్చాయి.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. శీర్షిక పెరిగేసరికి ఆవకాయ జాడీ ఫోటో తెర కిందికి జారిపోయింది. కార్ట్ బటన్ మీద 'బుట్టలో వెయ్యండి' అని రాస్తే రెండు లైన్లయింది. మెనూ అంతా పెద్దబడి అక్షరాలతో విడిగా కనపడేలా గీశారు, మనకి పెద్దబడి చిన్నబడి లేవుగా, మెనూ కూడా పేరాలో కలిసిపోయింది. కస్టమర్ల మాటలకి ఇటాలిక్ పెట్టారు. తెలుగుని బలవంతంగా ఒరగదీస్తే గాలివానకి వాలిన తాటాకు పందిరిలా ఉంది. ఒక్కోటీ సర్దుకుంటూ పోతే కొన్న టెంప్లేటులో చివరికి రంగు తప్ప ఏం మిగల్లేదు.

అందుకే అంటున్నా, తెలుగు సైటు అంటే తెలుగు అక్షరంతోనే డిజైన్ మొదలవ్వాలి. చివర్లో పోస్తే కుదరదు. కాదంటారా?

డెడ్‌లైన్ రాజు (హైదరాబాద్):
కాదనే అంటాను. 1.1ని 1.7 చెయ్యడం ఒక్క లైను పని, దానికింత రామాయణం ఎందుకండీ? నా దగ్గరికొచ్చేది కోచింగ్ సెంటర్లు, డయాగ్నస్టిక్ ల్యాబులు. "వారంలో కావాలి, పక్కవాడిది ఎలా ఉందో అలాగే కావాలి" అంటారు. వాళ్లిచ్చే డబ్బుకి నేను కాగితం మీద అక్షరాలు దిద్దుకుంటూ కూర్చుంటే అద్దె ఎవరు కడతారు? 2011లో బూట్‌స్ట్రాప్ (సైటు కట్టుకోడానికి ఉచితంగా ఇచ్చే రెడీమేడ్ కోడు) వచ్చేదాకా ఎవరి గళ్లు వాళ్లు కట్టుకుని, అవి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చెదిరిపోతే రాత్రిళ్లు అతుకులేసుకున్నాం, మర్చిపోయారా? ఆ తిప్పలు మళ్లీ పడకుండా ఎవరో ముందే పడి పెట్టిందే టెంప్లేటు. ఫాంట్లకీ కరువు లేదు. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు వదిలినవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, మండలి, రామభద్ర, సురన్న, ఇంకా బోలెడు. ఒకటి తగిలిస్తే పనైపోతుంది. సృజన అంటారా, అది లోపల రాసేదాంట్లో చూపించండి.

పేజ్‌మేకర్ బాబాయ్ (విజయవాడ):
రాజూ, 'తగిలిస్తే' అన్నావు చూడు, అక్కడే తేడా కొట్టింది. రామభద్ర శీర్షికలకీ పోస్టర్లకీ చేసిన లావు అక్షరం. దాన్ని పేరాకి పెడితే గండుచీమలు బారులు తీరినట్టుంటుంది. మండలి వార్తల కోసం చేసింది కాబట్టి పేరాకి నిలబడుతుంది. ఈ మాత్రం చూసి పెట్టడానికి వారం అక్కర్లేదు, అరగంట చాలు.

నేను బీసెంట్ రోడ్డు పక్క సందులో ఇరవై ఏళ్లు డీటీపీ చేశాను. అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు. తెర మీద కనపడేది తెలుగు, ఫైలు లోపల ఇంగ్లీషు సంకేతాలు. దాన్ని కాపీ చేసి నెట్లో పెడితే పిచ్చి గీతలొచ్చేవి. అందుకే అంతా బొమ్మ చేసి పెట్టేవాళ్లం. పత్రికల సైట్లు కూడా ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు. వాటిని యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల్లోకి) మార్చి చదువుకోడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో 'పద్మ' అని ఒక తోడు ప్రోగ్రాం వేసుకునేవాళ్లం, గుర్తుందా ఎవరికైనా? తెలుగు 1991 నుంచీ యూనికోడ్‌లో ఉంది, మా సందులోకి రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఇప్పటికీ కొన్ని సైట్లలో ప్రకటన బొమ్మగానే ఉంటుంది. వెతికితే దొరకదు, చూపు లేనివాళ్లకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకి అది తెల్ల కాగితం.

ఇక వత్తులమారి గారూ, మీతోనూ ఒక పేచీ ఉంది. టెంప్లేటు అనగానే ఏదో అంటరానిదన్నట్టు మాట్లాడుతున్నారు. మన శుభలేఖ ఏంటి మరి? పైన వినాయకుడు, 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు', మధ్యలో వధూవరుల పేర్లు, కింద ముహూర్తం, ఆ కింద 'విందు'. మా తాతల నాటి నుంచీ అదే అచ్చు. నేను వేలల్లో వేశాను. పేర్లూ తేదీ మారతాయి, అంతే. అందులో ఏనాడైనా వత్తు తెగిందా? తెగదు, ఎందుకంటే ఆ అచ్చు తెలుగు పేర్లు పెట్టి చూసుకునే పుట్టింది. 'వేంకట సుబ్రహ్మణ్య' వచ్చినా పడుతుంది, 'రమ' వచ్చినా ఖాళీ కనపడదు. టెంప్లేటు ఉండటం తప్పు కాదయ్యా, అది మన అక్షరం చూడకుండా పుట్టడం తప్పు.

ఓరుగల్లు పిల్ల (వరంగల్):
బాబాయ్ శుభలేఖ ముచ్చట మస్తుంది. నేను బీటెక్ థర్డ్ ఇయర్. మీరందరు లైన్ల కాడనే ఆగిండ్రు, ఫారాల సంగతి జూడుండ్రి. మా అత్తమ్మ పేరు లక్ష్మీజ్యోత్స్న. ఒకకాడ పేరు 15 అక్షరాలకు మించొద్దని పెట్టిండ్రు. నోటితోని చదివితే నాలుగే: ల, క్ష్మీ, జ్యో, త్స్న. కంప్యూటరు మాత్రం హల్లు, పొల్లు, గుణింతం అన్ని విడగొట్టి 16 అని లెక్కగట్టింది. ఆఖరి 'న' పట్టలే. 'లక్ష్మీజ్యోత్స్' అని పడ్డది. అత్తమ్మ నవ్వింది గని రసీదు గూడ గట్లనే అచ్చయి వచ్చింది.

ఇగ ఏఐ సంగతి. బతుకమ్మ మీద ఒక పేజీ గీయమని అడిగిన. ఊదా రంగు, పైన పెద్ద శీర్షిక, కింద మూడు డబ్బాలు. బోనాల మీద అడిగితే మళ్ల గవే మూడు డబ్బాలు. బతుకమ్మంటే తంగేడు, గునుగు వరుసలు వరుసలుగ గుండ్రంగ పేర్చి, పైకి పోయినకొద్ది సన్నగ చేస్తరు, సుట్టు తిరుగుకుంట ఆడుతరు. ఆ గుండ్రం దానికి తట్టలే. నిజం చెప్పాలంటే ముందుగాల నాకు గూడ తట్టలే, ఆ డబ్బాలు చూసి చూసి విసుగొచ్చినంక తట్టింది.

డెడ్‌లైన్ రాజు:
చెల్లె, పేరు తెగడం బ్యాకెండ్ వాళ్ల (తెర వెనక కోడు రాసేవాళ్ల) తప్పు. దాన్ని డిజైన్ నెత్తిన రుద్దకు.

వత్తులమారి:
రుద్దాల్సిందే రాజు గారూ. పేరు ఎంత పొడుగుంటుందో ఎవరో కూర్చుని ఊహించుకున్నారు, వాళ్ల ఊహలో ఉన్నవాడు జాన్ స్మిత్. ఆ ఊహే డిజైన్. ఎస్‌ఎమ్మెస్ చూడండి, ఒక మెసేజీకి ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే తెలుగు 70కే నిండిపోతుంది, అదీ పొల్లులూ గుణింతాలూ కలిపి. అక్కడ ఇంగ్లీషు వాక్యం రాసి దాన్ని తెలుగు చేస్తే పట్టి చావదు. మొదటే తెలుగులో పొట్టిగా అనుకోవాలి.

ఎడిసన్ వాసి (న్యూజెర్సీ):
2018 ఫిబ్రవరి గుర్తు చేస్తా. మన 'జ్ఞా' మెసేజీలో వస్తే ఐఫోన్‌లో యాప్ కూలిపోయేది. ఆఫీసులో పక్క సీటు తమిళాయన "ఏంటయ్యా, మీ అక్షరం బాంబా?" అన్నాడు. తెలుగుని చివర్లో చూసుకుంటే ఆపిల్ అంతటివాళ్లకే అలా అయింది.

పేజ్‌మేకర్ బాబాయ్:
చిన్న సవరణ నాయనా. మామూలుగా 'జ్ఞానం' అని కొడితే ఏం కాలేదు. 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని విడదీత గుర్తొకటి ఇరికితేనే ఆ తంటా. ఆ నెలలోనే ఐఫోన్ సాఫ్ట్‌వేరు 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు కూడా. అయినా ముందే పరీక్షించి ఉండాల్సింది, అది ఒప్పుకుంటా. నేనైతే ఏ ఫాంటు వచ్చినా నాలుగు మాటలు కొట్టి చూసేవాణ్ని: రాష్ట్రం, స్త్రీ, జ్యోత్స్న, ఉచ్ఛ్వాసం. ఇవి నిలబడ్డాయంటే మిగతావి నిలబడతాయి.

డెడ్‌లైన్ రాజు:
ప్రతి సైటూ సున్నా నుంచి గీయాలంటే ఇప్పటికీ ఒప్పుకోను. తెలుగులో పుట్టిన టెంప్లేటు ఎవరైనా ఇస్తే రేపే వాడతా. ఎవరు చేస్తారు, ఉచితంగా ఎందుకు చేస్తారు, అది తేల్చండి ముందు.

అన్నట్టు, బాబాయ్ గారి మాటలు విని నేను చేసిన ఒక ల్యాబు సైటు ఫోన్లో తెరిచా. 'రక్త పరీక్ష' అని ఉండాల్సిన చోట 'రక పరీక' అని ఉంది. ఎనిమిది నెలలైంది పెట్టి. ఒక్కళ్లూ చెప్పలేదు.

వత్తులమారి:
చెప్పరు. పచ్చళ్లావిడ చెప్పిందంటే అది ఆవిడ కొట్టు పేరు కాబట్టి. సరే, నా పచ్చళ్ల సైటు ఫైళ్లు ఆదివారం ఇక్కడే ఉచితంగా పెడతా. శీర్షిక, బటన్, ఫారం, ఈ మూడే. ఓరుగల్లు చెల్లీ, పేర్ల గడి నీకు వదిలేస్తున్నా. బాబాయ్ గారూ, లీడింగు (లైన్ల మధ్య ఎడం) మీరు చూడాలి.

పేజ్‌మేకర్ బాబాయ్:
చూస్తా. ఫైళ్లతోపాటు ఒక సీసా గోంగూర కూడా పంపించు.