200 కిలోమీటర్ల బ్రెవేకు మూడు సైకిళ్ళ మీద సాధన చేయవచ్చా?

ప్రశ్న: లెక్కల మాస్టారు, తిరుపతి

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్ళు. కపిలతీర్థం దగ్గర ఉంటూ, తిరుచానూరు వైపున్న ఒక పాఠశాలలో గణితం చెబుతున్నాను. జనవరిలో చెన్నై నుంచి బయలుదేరే 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే పందెంలా కాకుండా గడువు లోపల పూర్తి చేస్తే చాలే దూరపు సైకిలు యాత్రకు, పేరు ఇచ్చాను. గడువు 13 గంటల 30 నిమిషాలు కనుక, తిండికీ విశ్రాంతికీ ఆగే సమయాన్ని కలుపుకొన్నా గంటకు 15 కిలోమీటర్ల కన్నా కాస్త తక్కువ సగటు చాలు. కాగితం మీద ఇది భయపడవలసిన లెక్క కాదు. నా చిక్కు దూరంతో కాదు, సైకిళ్ళతో వచ్చింది.

నా దగ్గర మూడు సైకిళ్ళు ఉన్నాయి. మొదటిది మా నాన్నగారు వాడిన 28 అంగుళాల ఇనుప సైకిలు. రాడ్ బ్రేకులు, ఒకటే గేరు. దాని మీదే రోజూ బడికి పోను ఏడు, రాను ఏడు కిలోమీటర్లు తొక్కుతాను. రెండోది తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్. వారంలో రెండు మూడు ఉదయాలు దాని మీద చంద్రగిరి దాకా వెళ్ళి వస్తాను. మూడోది రెండు నెలల క్రితం తెలిసినవారి దగ్గర కొన్న పాత రోడ్ బైకు. ఆదివారాలు దాని మీద రేణిగుంట, ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తికి వెళ్ళి తిరిగి వస్తాను. మొత్తం 75 కిలోమీటర్ల పైచిలుకు.

ఆదివారం రోడ్ బైకు మీద 50 కిలోమీటర్లు దాటేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. సోమవారం ఇనుప సైకిలు ఎక్కి బడికి చేరే లోపల కుడి మోకాలి ముందు భాగం నొప్పి పెడుతోంది. హైబ్రిడ్ మీద మాత్రం ఏ బాధా లేదు, కానీ ఎదురుగాలిలో దాని మీద వేగం నిలవడం లేదు. ఉన్న రెండు కాళ్ళకు మూడు సైకిళ్ళు ఎందుకని మా ఇంట్లో అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. మిగిలిన రెండింటినీ పక్కన పెట్టి ఒక్క దాని మీదే సాధన చేయాలా, లేక ఈ మార్పిడి వల్ల ఒంటికి ఏదైనా మేలు ఉందా? చేతిలో 11 వారాలు ఉన్నాయి.

జవాబు: మొగిలి ఘాటు, చిత్తూరు

మాస్టారూ, ఏ సైకిలునూ వదలకండి. ముందు ఒక కొలత టేపు, ఒక దారం, ఒక రసమట్టం తీసుకొని మూడింటినీ కొలవండి. నేను ఒకే ఏడాదిలో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు పూర్తి చేసినప్పుడు రెండు సైకిళ్ళ మీద సాధన చేశాను. అంతకు ముందు ఏడాది కూడా రెండింటి మీదే చేశాను గాని, కొలవకుండా చేసినందువల్ల 300 దగ్గర మోకాలు పట్టుకొని పలమనేరులో బస్సెక్కవలసి వచ్చింది.

శరీరానికి సైకిలు పేరు తెలియదు. దానికి తెలిసినవి పెడల్, సీటు, హ్యాండిల్ ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయన్నది మాత్రమే. గంటకు ఐదు వేల సార్లు అదే వృత్తంలో తిరిగే కాలు రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను సర్దుకుంటుంది. రెండు మూడు సెంటీమీటర్ల తేడాను సర్దుకోలేక మోకాలితో ఫిర్యాదు చేయిస్తుంది. కాబట్టి పెడల్ ఇరుసు నడిమధ్య నుంచి, అంటే క్రాంకులు బిగించిన చోటు నుంచి, సీటు గొట్టం వెంబడి సీటు పైభాగం దాకా మూడింటి మీదా కొలవండి. అమెరికా సైకిలు పందెగాడు గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారంలో ఉన్న లెక్క ప్రకారం, చెప్పులు లేకుండా గోడకు ఆనుకొని నిలబడి కాళ్ళ మధ్య గజ్జల నుంచి నేల దాకా కొలిచిన పొడవును 0.883తో హెచ్చవేస్తే ఆ ఎత్తు వస్తుంది. అది వేదవాక్కు కాదు, మొదలుపెట్టడానికి ఒక గుర్తు మాత్రమే. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు, మరీ పైకి ఉంటే మోకాలి వెనుక నొప్పి రావడం సాధారణం. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి ఇనుప సైకిలు సీటు కిందికి ఉందని నా అనుమానం.

తరువాత సీటు ముక్కు నుంచి బరువు కట్టిన దారాన్ని వేలాడదీసి, అది పెడల్ ఇరుసుకు ఎంత వెనుక పడుతుందో చూడండి. ఇక్కడ ఇనుప సైకిలు మీకు పూర్తిగా లొంగదు. ఎందుకంటే దాని సీటు గొట్టం రోడ్ బైకు గొట్టం కన్నా బాగా వెనక్కి వాలి ఉంటుంది. సీటును ఎంత ముందుకు జరిపినా మీరు కాస్త వెనకే కూర్చుంటారు. బడికి వెళ్ళే ఏడు కిలోమీటర్లకు అది ఫరవాలేదు. ఎత్తు మాత్రం సరిచేసి తీరాలి.

వేళ్ళ తిమ్మిరి వేరే కథ. అరచేతి చిటికెన వేలి వైపు వెళ్ళే నరం మీద బరువు పడితే ఆ రెండు వేళ్ళే మొద్దుబారతాయి. రోడ్ బైకు సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో రసమట్టంతో చూడండి. వంగి ఉంటే మీరు జారుతూ చేతులతో ఆపుకుంటున్నారన్న మాట. అది సమంగానే ఉంటే ఫ్రేము మీకు పొడవైనదై ఉండవచ్చు, అప్పుడు హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌ను రెండు సెంటీమీటర్లు పొట్టిది వేయించుకోండి.

ఇక సాధన విషయం. బ్రెవే నాడు ఏ సైకిలు ఎక్కుతారో దూరపు ఆదివారాలన్నీ దానివే కావాలి. కాళహస్తి దారి చదును. పైగా ఈ నెలల్లో ఈశాన్యపు గాలి వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెన్ను తట్టేది. ఆ ఎదురుగాలి మీకు మంచి గురువు. దూరాన్ని 75 నుంచి 100, 120, 150 దాకా పెంచుతూ, రెండు వారాలు పెంచాక ఒక వారం తగ్గించండి. హైబ్రిడ్‌కు ఎక్కుడు పని అప్పగించండి: రంగంపేట దాటి భాకరాపేట ఘాటు ఎక్కి దిగడం శనివారం పెట్టుకొని, మరునాడు అలసిన కాళ్ళతో రోడ్ బైకు మీద కాళహస్తికి వెళ్ళండి. ఒక్కరోజు 150 తొక్కడం కన్నా ఈ జంట రోజులే నాకు ఎక్కువ నేర్పాయి. ఆఖరి మూడు వారాలు సీటును ఎవరి మాట విన్నా, నా మాట విన్నా సరే, ముట్టుకోవద్దు.

జవాబు: కీళ్ళ వైద్యశాల, తిరుపతి

నేను ఫిజియోథెరపిస్టును; రోజూ ఇలాంటి మోకాళ్ళనే చూస్తాను. పై జవాబులో కొలతల గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను, కానీ ఎత్తు ఒక్కటే కారణమన్న అభిప్రాయం కలిగేలా ఉంది కనుక కొంత చెప్పవలసి వస్తోంది.

మాస్టారి ఇనుప సైకిలుకు పెడల్ దగ్గరి పళ్ళ చక్రంలో 44, వెనుక పళ్ళ చక్రమైన ఫ్రీవీల్‌లో 18 పళ్ళు ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి ఆ సైకిలు దాదాపు ఐదున్నర మీటర్లు ముందుకు పోతుంది. ముందు 34, వెనుక 28 పళ్ళున్న రోడ్ బైకు అతి తేలిక గేరులో అదే చుట్టుకు రెండున్నర మీటర్లే పోతుంది. ఆదివారం మూడు నాలుగు గంటలు శ్రమపడిన కండరాలతో సోమవారం ఉదయం సంచీ, పుస్తకాలు వేసుకొని, ప్రతి కూడలిలోనూ ఆగి, మళ్ళీ నిలువునా లేచి ఆ బరువు గేరును తోస్తున్నారు. అలా నెమ్మదిగా, గట్టిగా తోసిన ప్రతిసారీ ఒత్తిడి మోకాలి చిప్ప వెనుక పడుతుంది. అందుచేత సీటు పైకి లేపినా సోమవారం నాడు మాత్రం ఇనుప సైకిలుకు సెలవు ఇచ్చి, హైబ్రిడ్ మీద తేలిక గేరులో నిమిషానికి 80, 90 చుట్ల చొప్పున తిప్పుతూ బడికి వెళ్ళండి. మార్పిడి వల్ల మేలు ఉందా అని అడిగారు కదా, ఉన్న మేలు ఇదే: ఒక సైకిలు కాళ్ళను అలసట పెట్టినప్పుడు మరొకటి వాటిని కదిలిస్తూనే కోలుకోనిస్తుంది. మీరు వరుసను తలకిందులు చేశారు.

మోకాలు వాచినా, మెట్లు దిగేటప్పుడు కూడా నొప్పి ఉన్నా, రెండు వారాల్లో తగ్గకపోయినా ఈ చర్చను పక్కన పెట్టి ఎవరైనా వైద్యుడికి చూపించండి.

జవాబు: పాత ఇరుసు, పుత్తూరు

నాకు 68 ఏళ్ళు. ఇనుప సైకిలును అందరూ కలిసి దోషిగా నిలబెట్టారు కాబట్టి దాని తరఫున మాట్లాడేవాడు ఒకడైనా ఉండాలి. టూర్ డి ఫ్రాన్స్‌లో గేర్లు మార్చే డిరైలర్‌ను 1937 దాకా అనుమతించలేదు; అంతవరకూ పందెగాళ్ళు కొండ మొదట్లో దిగి, వెనుక చక్రాన్ని ఊడదీసి తిప్పి, రెండో వైపున్న పెద్ద పళ్ళ చక్రాన్ని చైనుకు తగిలించి ఎక్కేవారు. ఒంటి గేరు మనిషికి ఓపిక నేర్పుతుందని నా నమ్మకం. అయినా ఫిజియోథెరపిస్టు గారి మాట కాదనను. మాస్టారూ, మీ ఫ్రీవీల్‌ను 20 లేదా 22 పళ్ళదానితో మార్పించండి. బడి దారికి అది చాలినంత వేగం ఇస్తుంది, మోకాలికీ దయ చూపిస్తుంది.

వర్షం పడే రోజున ఆ సైకిలు తీయవద్దు. ఇక్కడ కార్తీకంలో వానలు ఎలా ఉంటాయో మీకు చెప్పనవసరం లేదు. రాడ్ బ్రేకు కట్టలు తడిసిన ఇనుప రిమ్మును పట్టుకోవు. మీరు బ్రేకు వేసిన చోటొకటి, సైకిలు ఆగిన చోటొకటి అవుతుంది.

మూడు సైకిళ్ళున్న ఇంట్లో ఎవరూ చెప్పని బాధ గాలిది. ఇనుప సైకిలు ట్యూబుకు మన పాత పద్ధతి వాల్వు, హైబ్రిడ్‌కు తరచుగా మోటారు సైకిలు లాంటి వాల్వు, రోడ్ బైకుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటాయి. ఈ మూడోదానికి దారి పక్క పంక్చరు షాపులో గాలి పట్టదు. ఏర్పేడు దాటాక పంక్చరు వేసుకొని, ట్యూబు అతికించుకొని, షాపు ముందు నిలబడి కూడా గాలి లేక 11 కిలోమీటర్లు సైకిలును నడిపించుకొంటూ వచ్చినవాణ్ణి నేను. వేలి కొసంత ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, దాన్ని వాల్వుకే బిగించి ఉంచండి. ఏ సైకిలు ట్యూబు ఆ సైకిలు సంచీలోనే ఉండాలి, సంచీని ఒకదాని నుంచి మరొకదానికి మార్చకండి. మారిస్తే ఏదో ఒకనాడు 28 అంగుళాల ట్యూబుతో రోడ్ బైకు పక్కన నిలబడతారు.

ఇంకొక మాట. ఉదయం 6 గంటలకు బయలుదేరితే మీ గడువు సాయంత్రం 7:30కు ముగుస్తుంది, జనవరిలో అప్పటికి చీకటి పడి గంట దాటుతుంది. చీకట్లో దీపం పెట్టుకొని తొక్కడం కూడా ఆ రోడ్ బైకు మీదే రెండు మూడు సార్లు అలవాటు చేసుకోండి.

మళ్ళీ లెక్కల మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. మొన్న సాయంత్రం మూడింటినీ వరండాలో నిలబెట్టి కొలిచాను. నా కాలి కొలత 79 సెంటీమీటర్లు, లెక్క ప్రకారం సీటు ఎత్తు 69.8 రావాలి. రోడ్ బైకుకు 69.5, హైబ్రిడ్‌కు 68.6 ఉన్నాయి. ఇనుప సైకిలుకు 65.9 వచ్చింది. మా నాన్నగారు నాకన్నా పొట్టి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా సీటు ఆయన ఎత్తులోనే ఉందని నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

సీటు కడ్డీ తుప్పు పట్టి కదలలేదు. షాపతను రెండు రాత్రులు నూనె పోసి నానబెట్టి ఈ ఉదయం మెలితిప్పి లేపాడు, కానీ మూడు సెంటీమీటర్లకు మించి రాలేదు. అంతకన్నా లాగితే కడ్డీ గొట్టంలో చాలినంత మిగలదని ఆపేశాడు. 20 పళ్ళ ఫ్రీవీల్ కూడా వేయించాను. రోడ్ బైకు సీటు ముక్కు నిజంగానే కిందికి వంగి ఉంది, దాన్ని సమం చేశాను. స్టెమ్ సంగతి ఈ ఆదివారం వేళ్ళు ఏమంటాయో చూసి ఆలోచిస్తాను. సోమవారం హైబ్రిడ్ మీదే బడికి వెళ్తాను. మొగిలి ఘాటు గారూ, శనివారం భాకరాపేట ఘాటు దిగేటప్పుడు లారీల రద్దీ తక్కువగా ఉండే వేళ ఏదో చెప్పగలరా?

జవాబు: మొగిలి ఘాటు, చిత్తూరు

తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టి, ఎనిమిది లోపల దిగి రండి. మలుపుల్లో లోపలి అంచుకు పోకుండా, ఎదురుగా వచ్చే డ్రైవరుకు ముందుగానే కనిపించే చోట ఉండండి. 69.8కి ఇంకా తొమ్మిది మిల్లీమీటర్లు తక్కువైనా బడి దారికి సరిపోతుంది, ఆ కడ్డీని మాత్రం ఇంకా లాగించకండి.